ఇంగ్లిష్ వాక్యంలో 'ఓన్లీ' ఎక్కడ పెట్టాలి? చోటు మారితే అర్థం ఎంతవరకు మారుతుంది?

హన్మకొండ ఇంగ్లిష్ టీచర్ (చర్చ మొదలుపెట్టినవారు)

అందరికీ నమస్కారం. నేను హన్మకొండ దగ్గరి ఒక ఉన్నత పాఠశాలలో పదో తరగతికి ఇంగ్లిష్ చెబుతాను. గత వారం పెట్టిన స్లిప్ టెస్టులో "మా నాన్న ఆదివారం మాత్రమే మార్కెట్‌కు వెళ్తాడు" అన్న వాక్యాన్ని ఇంగ్లిష్‌లో రాయమని ఒక మార్కు ప్రశ్న ఇచ్చాను. నేను ఆశించిన జవాబు "మై ఫాదర్ గోస్ టు ది మార్కెట్ ఓన్లీ ఆన్ సండేస్". ఒక అమ్మాయి "మై ఫాదర్ ఓన్లీ గోస్ టు ది మార్కెట్ ఆన్ సండేస్" అని రాసింది. ఇంకో అబ్బాయి 'ఓన్లీ'ని తీసుకెళ్ళి వాక్యం చివర, 'సండేస్' తరువాత పెట్టాడు. ఇద్దరికీ సున్నా వేశాను.

పేపర్లు ఇచ్చిన రోజు ఆ అమ్మాయి స్టాఫ్ రూముకు వచ్చి, "సార్, టీవీలో ఇంగ్లిష్ వార్తలు చదివేవాళ్ళు ఓన్లీని క్రియ ముందే పెడతారు కదా, నాది తప్పెట్ల అయితది?" అని అడిగింది. క్రియావిశేషణం చోటు మారితే అర్థం మారుతుందని క్లాసులో నేను చెప్పిన మాటనే ఆమెకు మళ్ళీ చెప్పి పంపాను గాని, ఆ జవాబు నాకే తృప్తి కలిగించలేదు. నేను మార్కు తీసేయడం సరైనదేనా? తెలిసినవారు వివరంగా చెప్పాలని కోరుతున్నాను.

రిటైర్డ్ హెడ్మాస్టర్, జనగామ

మీరు చేసింది సరైనదే. ఓన్లీ ఏ మాటకు చెందుతుందో ఆ మాటకు ఆనుకొని ముందుండాలి. నేను ముప్పై ఏళ్ళు ఒకే వాక్యంతో ఈ పాఠం చెప్పాను. "మై బ్రదర్ బాట్ టూ బ్యాగ్స్ ఫ్రమ్ ది సొసైటీ" అని బోర్డు మీద రాసి, ఓన్లీ అని రాసిన అట్టముక్కను ఒక్కొక్క పిల్లవాడి చేతికిచ్చి, వాక్యంలో తనకు తోచిన చోట పట్టుకొని నిలబడమనేవాణ్ణి. వాక్యం మొదట నిలబడితే, సొసైటీలో రెండు బస్తాల యూరియా కొన్నది మా తమ్ముడే, ఊళ్ళో మరెవరికీ దొరకలేదు. 'టూ'కు ముందు నిలబడితే రెండే బస్తాలు కొన్నాడు, మూడోది లేదు. 'ఫ్రమ్'కు ముందు నిలబడితే సొసైటీ నుంచే కొన్నాడు, బయటి దుకాణంలో కొనలేదు. 'బాట్'కు ముందు నిలబడితే, కొన్నాడంతే, ఇంకా చేనుకు చేర్చలేదు, చల్లలేదు. 'మై'కి, 'బ్రదర్'కి నడుమ దూరితే ఓన్లీ క్రియావిశేషణం కాకుండా పోయి విశేషణమవుతుంది. అప్పుడతడు నా ఒక్కగానొక్క తమ్ముడు. 'టూ'కు, 'బ్యాగ్స్'కు నడుమ మాత్రం అట్టముక్కకు చోటు లేదు.

ఇంత స్పష్టంగా తేడా కనిపిస్తున్నప్పుడు ఎక్కడ పెట్టినా ఫరవాలేదని పిల్లలకు ఎలా చెబుతాం?

భాషాశాస్త్ర పరిశోధక విద్యార్థిని, కాకతీయ విశ్వవిద్యాలయం

హెడ్మాస్టర్ గారి అట్టముక్క పాఠం నాకు ఎంతో నచ్చింది. అయితే అందులో ఒక్క చోటు, అంటే క్రియకు ముందున్న చోటు, మిగతా వాటి వంటిది కాదని వినయంగా మనవి చేస్తున్నాను. "మై బ్రదర్ ఓన్లీ బాట్ టూ బ్యాగ్స్ ఫ్రమ్ ది సొసైటీ" అని ఇంగ్లిష్ మాతృభాషగా గలవారు అన్నప్పుడు, 'కొన్నాడంతే' అన్న అర్థంతో పాటు 'రెండే కొన్నాడు' అన్న అర్థం గాని, 'సొసైటీ నుంచే కొన్నాడు' అన్న అర్థం గాని ఉండవచ్చు. వారు ఏ మాట మీద ఊనిక పెడితే ఓన్లీ ఆ మాటకు చెందుతుంది. 'టూ' మీద ఊనితే రెండే, 'సొసైటీ' మీద ఊనితే సొసైటీ నుంచే. క్రియకు ముందున్న చోటు ఓన్లీకి ఇంగ్లిష్‌లో ఎప్పటినుంచో అలవాటైన చోటు. అక్కడ ఉండి, దాని తరువాత వచ్చే ఏ భాగాన్నైనా అది పరిమితం చేయగలదు.

ఈ వాదం మన స్టాఫ్ రూములో పుట్టింది కాదు. 1760ల్లోనే రాబర్ట్ లౌత్ అనే ఇంగ్లిష్ మతాచార్యుడు తన వ్యాకరణంలో, "ఐ ఓన్లీ స్పేక్ త్రీ వర్డ్స్" అని జనం అంటున్నారు గాని, మూడు మాటలే అన్న అర్థం కావాలంటే ఓన్లీ 'త్రీ'కి ముందుండాలని రాశాడు. అంటే అప్పటికే జనం క్రియకు ముందే పెడుతున్నారన్నమాట. 1926లో ఫౌలర్ అనే ఇంగ్లిష్ నిఘంటుకర్త తన వాడుక నిఘంటువులో దీనికి ఎదురు వాదించాడు. "హి ఓన్లీ డైడ్ ఎ వీక్ ఎగో" అన్న వాక్యాన్ని విని, ఆ మనిషి చనిపోవడం తప్ప మరేమీ చేయలేదని ఎవరూ అనుకోరు, చనిపోయి వారమే అయిందని అందరికీ తెలుస్తుంది, కాబట్టి సందిగ్ధం లేని చోట ఓన్లీని లాక్కెళ్ళి వేరే చోట కూర్చోబెట్టనక్కరలేదని ఆయన అభిప్రాయం. టీచర్ గారి విద్యార్థిని రాసిన వాక్యం ఈ కోవలోనిదే. 'గోస్' అన్న క్రియను ఓన్లీ పరిమితం చేస్తే వచ్చే అర్థం, అంటే ఆదివారాల్లో మార్కెట్‌కు వెళ్ళడం తప్ప మరే పనీ చేయడన్నది, ఎవరికీ తట్టదు. ఆమెకు మార్కు ఇవ్వవలసిందేనని నా అభిప్రాయం.

రిటైర్డ్ హెడ్మాస్టర్, జనగామ

ఊనిక నోటికి ఉంటుందమ్మా, కాగితానికి ఉండదు. రాసిన వాక్యాన్ని చదివేవాడు ఎక్కడ ఊనుతాడో రాసినవాడి చేతిలో ఉందా?

స్టాఫ్ నర్స్, కరీంనగర్

హెడ్మాస్టర్ గారి ప్రశ్నకు మా ఇంట్లో జరిగిన సంగతి ఒకటి చెబుతాను. మా పెద్దమ్మకు జ్వరం వస్తే ఒక ప్రైవేటు దవాఖానాలో మూడు రోజులు ఉంచి ఇంటికి పంపారు. ఆమె పదేళ్ళుగా బీపీ మాత్రలు వాడుతున్న మనిషి. చీటీలో చివరి మందు పక్కన డాక్టరు గారు చేత్తో "ఓన్లీ టేక్ దిస్ టాబ్లెట్ ఫర్ ఫీవర్" అని రాశారు. ఆయన ఉద్దేశం జ్వరం వస్తేనే ఈ మాత్ర వేసుకోవాలని. ఇంటర్ చదువుతున్న మనుమడు దాన్ని "జ్వరం తగ్గేదాకా ఈ మాత్ర ఒక్కటే వేసుకోవాలట" అని చదివి చెప్పాడు. ఆమె ఆ మాట ప్రకారం బీపీ మాత్రలు డబ్బాలో పెట్టేసింది. నాలుగో రోజు తల తిరుగుతోందంటే నేను వెళ్ళి చూశాను. బీపీ బాగా పెరిగి ఉంది. ఇప్పుడు బాగానే ఉంది గాని, ఆ రోజు నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు.

ఆ పిల్లవాడిది తప్పని నేను అనలేను, ఎందుకంటే అతడు చదివిన అర్థం కూడా ఆ వాక్యంలో ఉంది. "టేక్ దిస్ టాబ్లెట్ ఓన్లీ ఫర్ ఫీవర్" అని రాసి ఉంటే ఆ అర్థానికి దారే ఉండేది కాదు. ఇప్పుడు వార్డులో నేను చీటీ వివరించేటప్పుడు ఓన్లీ కనిపించిన ప్రతి చోటా ఆగి, "జ్వరం ఉంటేనే" అనో, "ఒక్కటే" అనో తెలుగులో పక్కన రాసి ఇస్తున్నాను.

భాషాశాస్త్ర పరిశోధక విద్యార్థిని, కాకతీయ విశ్వవిద్యాలయం

మేడమ్, మీ అనుభవం చదివాక నా మాటను కొంత సవరించుకుంటున్నాను. సందర్భం అర్థాన్ని తేల్చిచెప్పే చోట క్రియకు ముందు పెట్టడం తప్పు కాదు. కాని మందు చీటీ, ఒప్పందం, నోటీసు వంటి వాటిలో, చదివేవారికి రాసినవారి మనసు తెలిసే అవకాశం లేనప్పుడు, లౌత్ చెప్పిన పద్ధతే క్షేమం. మీరు పక్కన రాస్తున్న తెలుగు మాటల్లోనే ఈ చర్చకు తాళంచెవి ఉంది. "జ్వరం ఉంటేనే", "ఈ మాత్రే". తెలుగులో మన అవధారణ, అంటే ఆ 'ఏ', ఏ మాటను ఉద్దేశిస్తామో ఆ మాటకే అంటుకుంటుంది. తమ్ముడే, రెండే, సొసైటీలోనే, కొనడమే. వాక్యంలో మాటలను అటూ ఇటూ మార్చినా 'ఏ' తన మాటను వదిలిపెట్టదు. అందుకే ఈ విషయంలో తెలుగు రాతకు ఊనిక సాయం అక్కరలేదు. ఇంగ్లిష్ రాతకు కావాలి.

ఎనుమాముల మార్కెట్, మిర్చి అడ్తి గుమాస్తా

మాది ఓన్లీ సంగతి కాదు, 'నియర్లీ' సంగతి. వరంగల్ చపాటా మిర్చికి నిరుడు, అంటే 2025లో, భౌగోళిక గుర్తింపు వచ్చిన తరువాత బయటి రాష్ట్రాల వాళ్ళు నేరుగా మెసేజ్‌లు పెట్టి సరుకు అడగడం ఎక్కువైంది. వాళ్ళకు ఇంగ్లిష్‌లో జవాబు రాసే పని నాది. ఒక రోజు మా దగ్గర 160 బస్తాల చపాటా ఉంటే, సాయంత్రానికి 11 బస్తాలు మిగిలాయి. ఒక కొనుగోలుదారు సరుకు ఎంత ఉందని అడిగితే "వి నియర్లీ సోల్డ్ ఆల్ ది బ్యాగ్స్ ఎస్టర్డే" అని పంపాను. దాదాపు అన్నీ అమ్మేశామని నా భావం. ఆయన మాత్రం, నిన్న అన్నీ అమ్ముడుపోయేవే, బేరం చివరి నిమిషంలో తప్పిపోయింది, కాబట్టి సరుకంతా ఉందని అర్థం చేసుకున్నాడు. రెండో రోజు పొద్దున కాంటా పెట్టకముందే లారీ వచ్చి యార్డులో నిలబడింది. లారీ కిరాయి ఎవరు పెట్టుకోవాలన్న దానిమీద మా సేటుకూ ఆయనకూ మాటా మాటా పెరిగింది, చివరికి చెరి సగం అనుకున్నారు.

నేను 'సోల్డ్ నియర్లీ ఆల్' అని రాయవలసిందని తరువాత ఒకరు చెప్పారు. ఒక్క మాట అటు జరిగితే ఇంత తేడా ఎలా వస్తుందో నాకు ఇప్పటికీ పూర్తిగా పట్టుబడలేదు.

భాషాశాస్త్ర పరిశోధక విద్యార్థిని, కాకతీయ విశ్వవిద్యాలయం

అన్నా, ఇది చాలా మంచి ఉదాహరణ. 'నియర్లీ', 'ఆల్మోస్ట్' రెండూ ఇదే పని చేస్తాయి. 'ఆల్'కు ముందు ఉంటే లెక్కను తగ్గిస్తాయి. దాన్ని మనం "దాదాపు అన్నీ అమ్మాం" అంటాం. క్రియకు ముందు ఉంటే, పని జరిగే అంచు దాకా వచ్చి జరగలేదని కూడా చెప్పగలవు. ఈ రెండో అర్థానికి మన తెలుగులో 'దాదాపు' సాధారణంగా వాడం, దానికి వేరే పలుకుబడే ఉంది: "అన్నీ అమ్మినంత పనైంది". కాలు జారి నిలదొక్కుకున్నవాడు "పడినంత పనైంది" అంటాడు గాని "దాదాపు పడ్డాను" అనడు. ఇటీవల దాదాపు పడ్డానన్న మాట కూడా వినిపిస్తోంది, అది ఇంగ్లిష్ నుంచి వచ్చిన వాసన అని నా అనుమానం. తెలుగు రెండు వేర్వేరు పలుకుబళ్ళతో చెప్పే రెండు అర్థాలను ఇంగ్లిష్ ఒకే మాటతో, చోటు మార్చి చెబుతుంది. మీరు మెసేజ్ రాసేముందు మనసులో తెలుగు వాక్యం అనుకొని, అది 'దాదాపు'తో వచ్చిందా, 'అంత పని'తో వచ్చిందా అని చూసుకుంటే చాలు. దాదాపుతో వస్తే, 'నియర్లీ'ని లెక్క చెప్పే మాట పక్కనే పెట్టండి.

న్యాయవాది, కరీంనగర్

మా వృత్తిలో ఈ చోటు మీద మనుషుల బతుకులే ఆధారపడతాయి. మన రాజ్యాంగం 15వ అధికరణం మొదటి క్లాజునే చూడండి. మతం, జాతి, కులం, లింగం, జన్మస్థలం ఆధారంగా ఏ పౌరునిపైనా రాజ్యం వివక్ష చూపరాదని చెప్పే ఆ వాక్యంలో 'ఆన్ గ్రౌండ్స్ ఓన్లీ ఆఫ్' అని ఉంది. ఓన్లీ 'ఆన్ గ్రౌండ్స్'కు ముందు లేదు, 'గ్రౌండ్స్'కు, 'ఆఫ్'కు నడుమ ఉంది. విమాన పరిచారికల సర్వీసు నిబంధనల మీద 1981లో వచ్చిన తీర్పులో సుప్రీంకోర్టు, ఈ అధికరణం కేవలం లింగం కారణంగా చూపే వివక్షనే నిషేధిస్తుంది గాని, లింగంతో పాటు ఇతర కారణాలు కూడా కలిసినప్పుడు కాదు అన్న అన్వయాన్ని తీసుకుంది. ఈ అన్వయంలో స్త్రీ అయినందుకు చూపిన వివక్షకు మరో కారణం పక్కన చేర్చితే చాలు, నిషేధం నుంచి తప్పించుకోవచ్చన్న ప్రమాదం ఉంది. 2018లో స్వలింగ సంపర్కాన్ని నేరం కాదని తేల్చిన తీర్పులో ఒక న్యాయమూర్తి ఈ అన్వయాన్ని గట్టిగా తప్పుపట్టారు. ఓన్లీ ఉన్న చోటును బట్టి చూస్తే, అది వివక్షకు కారణం ఒక్కటే ఉండాలని చెప్పడం లేదు, ఆ జాబితాలోని అంశాలకే నిషేధం పరిమితమని చెబుతోందని వాదించేవారు ఉన్నారు. నాకు ఆ వాదమే సమంజసంగా తోస్తుంది.

అమెరికాలో 2009లో వచ్చిన ఒక తీర్పు ఇంకా సూటిగా ఉంటుంది. ఫ్లోరెస్ ఫిగెరోవా అనే మెక్సికో దేశీయుడు ఉద్యోగం కోసం దొంగ గుర్తింపు నంబర్లు ఇచ్చాడు. అవి నిజంగా వేరే మనుషులవని తేలింది. వేరొకరి గుర్తింపును 'నోయింగ్లీ', అంటే తెలిసి, వాడితే అదనంగా రెండేళ్ళ జైలు తప్పనిసరి అని అక్కడి చట్టం. ఆ 'నోయింగ్లీ' క్రియల ముందు ఉంది. నంబరు వాడుతున్నానని తెలిస్తే చాలునా, అది మరో మనిషిదని కూడా తెలిసి ఉండాలా? ప్రభుత్వం మొదటిదే చాలునని వాదించింది. సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా రెండోది కూడా రుజువు చేయాలన్నది. మామూలు ఇంగ్లిష్‌లో క్రియ ముందున్న ఇటువంటి క్రియావిశేషణం క్రియతో ఆగిపోదు, కర్మను కూడా, దాని విశేషణాలతో సహా, తనలోకి తీసుకుంటుందన్నది ఆ తీర్పులోని తర్కం.

చోటు మారినా అర్థం మారని సందర్భం కూడా ఒకటి చెబుతాను. అదే ఏడాది జనవరి 20న ఒబామా ప్రమాణ స్వీకారంలో, ప్రమాణం చేయించిన ప్రధాన న్యాయమూర్తి 'ఫెయిత్‌ఫుల్లీ'ని క్రియ ముందు కాకుండా వాక్యం చివరకు జరిపి పలికారు. అర్థంలో లోటు లేదు. కాని ఆ ప్రమాణంలోని ప్రతి మాటా, దాని వరుసా వారి రాజ్యాంగంలోనే రాసి ఉంది కాబట్టి, ఎవరికీ అనుమానం మిగలకుండా మరుసటి రోజు మళ్ళీ ప్రమాణం చేయించారు.

పోటీ పరీక్షల అభ్యర్థి, జగిత్యాల

వకీలు గారికి ధన్యవాదాలు. నాకొక సందేహం. మోడల్ పేపరులో "హి కైండ్లీ స్పోక్ టు అస్", "హి స్పోక్ టు అస్ కైండ్లీ" అన్న రెండు వాక్యాలు ఇచ్చి, అర్థం ఒకటేనా కాదా అని అడిగారు. ఒకటే అని గుర్తు పెట్టాను, తప్పన్నారు. ఎందుకో వివరణ ఇవ్వలేదు.

భాషాశాస్త్ర పరిశోధక విద్యార్థిని, కాకతీయ విశ్వవిద్యాలయం

తమ్ముడూ, ఇక్కడ క్రియావిశేషణం చోటుతో పాటు దాని పని కూడా మారుతుంది. చివర ఉన్నప్పుడు అది మాట్లాడిన తీరును చెబుతుంది: ఆయన మాతో దయగా మాట్లాడాడు. క్రియ ముందున్నప్పుడు ఎక్కువగా ఆ పని మొత్తం మీద చెప్పినవారి అభిప్రాయమవుతుంది: ఆయన దయతలచి మాతో మాట్లాడాడు. ఒక పెద్ద అధికారి దయతలచి మనకు ఐదు నిమిషాలు ఇచ్చి, ఆ ఐదు నిమిషాలూ కసురుకోవచ్చు. అప్పుడు మొదటి వాక్యం నిజం, రెండోది అబద్ధం. తెలుగులో 'దయగా' అనీ 'దయతలచి' అనీ మాట రూపమే మార్చుకుంటాం కాబట్టి మనకు ఈ తేడా చోటులో ఉంటుందని తోచదు.

ఇటువంటిదే 'హానెస్ట్లీ'. "హి డిడ్ నాట్ ఆన్సర్ హానెస్ట్లీ" అంటే నిజాయితీగా జవాబు చెప్పలేదని, అంటే ఏదో జవాబు చెప్పాడని. "హానెస్ట్లీ, హి డిడ్ నాట్ ఆన్సర్" అంటే నిజం చెప్పాలంటే, అతడు జవాబే చెప్పలేదని. 'నాట్' ఉన్న వాక్యాల్లో మరింత జాగ్రత్త కావాలి. "ఐ రియల్లీ డోంట్ నో" అంటే నాకు నిజంగా తెలియదు. "ఐ డోంట్ రియల్లీ నో" అంటే నాకు అంతగా తెలియదు. క్రియావిశేషణం 'నాట్'కు ముందుంటే 'లేదు, కాదు' అన్న మాటకు బలమిస్తుంది. 'నాట్'కు తరువాత ఉంటే తానే ఆ కాదనడంలో చిక్కుకుంటుంది. ఇంటర్వ్యూలో ఈ రెండింటిలో ఏది అంటున్నారో చూసుకోండి.

గల్ఫ్ నుంచి తిరిగివచ్చిన ఫోర్‌మన్, నిజామాబాద్

మా ఒప్పంద పత్రంలో "ది కంపెనీ విల్ ఓన్లీ పే ది టికెట్ ఆఫ్టర్ టూ ఇయర్స్" అని ఉండేది. రెండేళ్ళు నిండితేనే టికెట్ ఇస్తారని మేమందరం అనుకున్నాం. రెండేళ్ళు నిండాక, మేం ఇచ్చేది టికెట్ డబ్బులే, మిగిలిన సెలవుల జీతం ఇవ్వం అన్నారు. ఇంగ్లిష్ బాగా వచ్చిన ఒక కేరళ సూపర్‌వైజర్ చూసి, ఈ వాక్యంలో రెండు అర్థాలూ ఉన్నాయని అన్నాడు. మా ఊరి పిల్లలు ఇప్పుడు పత్రం తెస్తే, ఓన్లీ ఉన్న వాక్యాలకు గీత గీసి, సంతకానికి ముందే ఏజెంటు చేత వేరే కాగితం మీద విడమరిచి రాయించుకోమని చెబుతున్నాను.

రిటైర్డ్ హెడ్మాస్టర్, జనగామ

నర్సమ్మ గారి మాట, ఈయన మాట చదివాక నా పట్టుదల ఇంకా పెరిగింది. ఇంకో దోషం కూడా పిల్లలకు చెప్పాలి: రెండు క్రియల నడుమ నిలబడి రెండు వైపులా చూసే క్రియావిశేషణం. "స్టూడెంట్స్ హూ ప్రాక్టీస్ ఆఫన్ గెట్ జాబ్స్" అంటే తరచుగా సాధన చేసేవారికి ఉద్యోగాలు వస్తాయా, సాధన చేసేవారికి తరచుగా ఉద్యోగాలు వస్తాయా? "హి డిసైడెడ్ క్విక్లీ టు రిపే ది లోన్" అన్నా అంతే, తొందర నిర్ణయంలోనా, తీర్చడంలోనా? 'టు'కు, క్రియకు నడుమ మాత్రం దూర్చరాదని మాకు నేర్పారు.

భాషాశాస్త్ర పరిశోధక విద్యార్థిని, కాకతీయ విశ్వవిద్యాలయం

ఆ చివరి నిషేధాన్ని మాత్రం ఇప్పుడు అంత గట్టిగా పట్టుకోనక్కరలేదు సార్. అది 19వ శతాబ్దంలో బలపడింది. 1864లో హెన్రీ ఆల్ఫర్డ్ అనే ఇంగ్లిష్ మతాచార్యుడు అలా నడుమ దూర్చడాన్ని తప్పుపట్టిన తరువాత, ఆ నిషేధం బడుల్లో స్థిరపడిపోయింది. మీరిచ్చిన ఉదాహరణలోనే, తీర్చడం తొందరగా జరగాలన్నది ఉద్దేశమైతే, "డిసైడెడ్ టు క్విక్లీ రిపే" అన్నది వెంటనే అనుమానం తీర్చే వాక్యం. చివర పెట్టినా సరిపోతుంది గాని, వాక్యం పొడవైతే అది దూరమైపోతుంది.

రెండు వైపులా చూసే మాటలు తెలుగులోనూ ఉన్నాయి. "నువ్వు తప్పుగా చెప్పావని అనుకున్నాను" అన్న వాక్యంలో తప్పు చెప్పడంలో ఉందా, అనుకోవడంలో ఉందా? "నిన్న వచ్చానని చెప్పాడు" అంటే వచ్చింది నిన్ననా, చెప్పింది నిన్ననా? 'ఏ' వంటి ప్రత్యయాల విషయంలో తెలుగుకు ఉన్న భద్రత 'గా'తో ముగిసే మాటలకు లేదు. అక్కడ మనం కూడా చోటునే నమ్ముకోవాలి: "తప్పుగా అనుకున్నాను, నువ్వు చెప్పావని" అని తిప్పి చెప్పవలసి వస్తుంది.

హన్మకొండ ఇంగ్లిష్ టీచర్ (చర్చ మొదలుపెట్టినవారు)

ఇంత శ్రద్ధగా స్పందించిన మీ అందరికీ కృతజ్ఞతలు. ఒక ప్రశ్న మిగిలింది. వాక్యం చివర 'సండేస్ ఓన్లీ' అని రాసిన అబ్బాయి మాటేమిటి? మన పిల్లలు "ఐ యామ్ ఫ్రమ్ వరంగల్ ఓన్లీ", "టుడే ఓన్లీ ఐ కేమ్" అనడం రోజూ వింటాను. ఆ అలవాటును మాన్పించాలనే అతడికి సున్నా వేశాను.

భాషాశాస్త్ర పరిశోధక విద్యార్థిని, కాకతీయ విశ్వవిద్యాలయం

సార్, ఆ రెండింటినీ వేరు చేయాలి. ఓన్లీ తన మాటకు తరువాత రావడం ఇంగ్లిష్‌కు కొత్త కాదు. 'లేడీస్ ఓన్లీ', 'స్టాఫ్ ఓన్లీ' అన్న బోర్డులు ఎక్కడైనా కనిపిస్తాయి. అందుచేత 'ఆన్ సండేస్ ఓన్లీ' నూటికి నూరుపాళ్ళు సరైనదే.

చిక్కు మన 'ఏ'లో ఉంది. అది రెండు పనులు చేస్తుంది. "రెండే బస్తాలు" అన్నప్పుడు పరిమితిని చెబుతుంది. "నేను వరంగల్‌వాణ్ణే" అన్నప్పుడు పరిమితి చెప్పదు, నిశ్చయం చెబుతుంది: మీరనుకున్నట్టు బయటివాణ్ణి కాను, ఇక్కడివాణ్ణే అని. ఇంగ్లిష్ ఓన్లీ మొదటి పనికే వస్తుంది. పిల్లలు రెండో పనికి కూడా దాన్నే వాడితే, మన దేశంలో అర్థమవుతుంది గాని, బయటివారు తికమకపడతారు. తేల్చుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. 'ఏ' తీసేసి 'మాత్రమే' పెట్టి చూడండి. "రెండు బస్తాలు మాత్రమే" బాగుంది, కాబట్టి ఓన్లీ వాడవచ్చు. "నేను వరంగల్‌వాణ్ణి మాత్రమే" చెవికి ఎబ్బెట్టుగా ఉంది, కాబట్టి అక్కడ ఓన్లీ వద్దు. "ఐ యామ్ ఫ్రమ్ వరంగల్ ఇట్‌సెల్ఫ్" కూడా వద్దు, 'ఫ్రమ్ వరంగల్' అని ఊని పలికితే చాలు. "ఈరోజే వచ్చాను" అన్నదానికి "ఐ జస్ట్ కేమ్ టుడే" అనవచ్చు.

స్టాఫ్ నర్స్, కరీంనగర్

ఈ 'మాత్రమే' పరీక్షను మా వార్డు పిల్లలకు చెబుతాను. చీటీ మీద తిరగేసి కూడా వాడుకోవచ్చు: ఓన్లీ కనిపిస్తే, తెలుగులో 'మాత్రమే'ను ఏ మాట పక్కన పెట్టాలో డాక్టరు గారినే అడగాలి.

హన్మకొండ ఇంగ్లిష్ టీచర్ (చర్చ మొదలుపెట్టినవారు)

ఈరోజు మొదటి పీరియడ్‌లో ఇద్దరికీ మార్కు కలిపాను. ఆ తరువాత హెడ్మాస్టర్ గారి అట్టముక్కను, 'మాత్రమే' పరీక్షను కలిపి పాఠం చెప్పాను. "టేక్ దిస్ టాబ్లెట్ ఫర్ ఫీవర్" అని బోర్డు మీద రాసి, అట్టముక్కను ఆ అమ్మాయికి ఇచ్చి, జ్వరం వస్తేనే అన్న అర్థం కావాలన్నాను. ఆమె ముందు 'టేక్' దగ్గరకు వెళ్ళింది. అక్కడ కాసేపు నిలబడి, పెదవులు కదుపుతూ వాక్యాన్ని తెలుగులో అనుకొని, నాలుగడుగులు పక్కకు జరిగి 'ఫర్' ముందు ఆగింది. "ఇక్కడైతే ఎవరు చదివినా ఒకటే అర్థం వస్తది సార్" అన్నది. రేపు 'ఈవెన్' చెప్పాలనుకుంటున్నాను. దానికి మన 'కూడా', 'సైతం', 'అయినా' మూడూ కావలసి వచ్చేలా ఉంది. హెడ్మాస్టర్ గారి దగ్గర దానికి కూడా ఒక వాక్యం ఉంటే పంపగలరు.

రిటైర్డ్ హెడ్మాస్టర్, జనగామ

ఉంది. "ది సర్పంచ్ గేవ్ హిస్ చైర్ టు ది చైల్డ్". అట్టముక్క మీద ఓన్లీ కొట్టేసి 'ఈవెన్' రాయండి, మొదట, 'హిస్'కు ముందు, 'టు'కు ముందు, మూడు చోట్లా పిల్లలను నిలబెట్టండి.